95 లీటర్ల నీళ్ళు: ధర్మాబాద్ దగ్గర ఒక ఎస్టర్ యూనిట్ కేసు

ధర్మాబాద్ స్టేషన్‌లో దిగితే ముందు ముక్కుకు తగిలేది ఎండు మిరప ఘాటు. అక్కణ్ణించి బిలోలీ వైపు కొంత దూరం పోయాక, రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ముందు ఘాటు పోయి మగ్గిన అరటిపండు వాసన మొదలైంది. గేటు ఇంకా యాభై అడుగుల దూరం ఉంది. అది ఎస్టర్ వాసన (యాసిడ్, ఆల్కహాల్ కలిస్తే పుట్టే పదార్థం ఎస్టర్). అది గేటు బయటికి వస్తోందంటే సరుకు గాలిలో కలుస్తోందని అర్థం. లోపలికి పోకముందే పుస్తకంలో రాసుకున్న మొదటి మాట అది.

నాందేడ్ జిల్లాలో ఈ పక్కంతా సగం తెలుగే. పక్కనే బాసర. షెడ్డులో మాట తెలుగు, లాగ్‌బుక్ మరాఠీ, సేట్‌తో బేరం హిందీలో నడుస్తుంది. అక్కడ చేసేది ఐసోఅమైల్ ఎసిటేట్. ఎసిటిక్ యాసిడ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ కలిస్తే ఈ ఎస్టర్, దాంతో పాటు నీళ్ళు పుడతాయి. పాత పెయింటర్లు 'బనానా ఆయిల్' అనేది దీన్నే. లక్కర్లలో, థిన్నర్లలో వాడతారు. ముడిసరుకు డిస్టిలరీలో మిగిలే ఫ్యూజల్ ఆయిల్. మొలాసిస్ పులియబెట్టి స్పిరిట్ తీసేటప్పుడు కాలమ్ మధ్యలో పక్కకు తీసే బరువైన ఆల్కహాళ్ళ మిశ్రమం అది. చెరకు సీజన్ నడిచే ప్రాంతం కాబట్టి సరుకు దగ్గరలోనే దొరుకుతుంది. ఆలోచన మంచిదే.

నన్ను పిలిచిన కారణం మూడు ఫిర్యాదులు. సరుకు పసుపు రంగులో వస్తోంది. యాసిడ్ వాల్యూ, అంటే సరుకులో మిగిలిపోయిన యాసిడ్ కొలత, ఎక్కువ. హైదరాబాద్‌లో థిన్నర్ కలిపేవాళ్ళు "ఇది తొందరగా ఆరిపోతోంది, ఫినిష్ తెల్లగా మబ్బు పడుతోంది" అని రెండు లోడ్లు వెనక్కి పంపారు. ఆపరేటర్ అన్న పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మనిషి. రోగం ఆయనే తేల్చి పెట్టాడు: తప్పు కేటలిస్ట్‌ది, అంటే రియాక్షన్‌ను వేగంగా నడిపే సల్ఫ్యూరిక్ యాసిడ్‌ది.

"సార్, కేటలిస్ట్ కమ్‌జోర్ ఉన్నది. ఒక శాతం సల్ఫ్యూరిక్ పోస్తుంటిమి. రెండు చేసినం, మూడు చేసినం. రంగు పెరిగింది గానీ రియాక్షన్ ముందుకు పోతలేదు."

ఆ చివరి వాక్యంలోనే జవాబుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ మూడింతలు చేసినా ముందుకు పోలేదంటే తప్పు యాసిడ్‌ది కాదు. కేటలిస్ట్ బండిని త్వరగా నడుపుతుంది, రోడ్డు ఎక్కడ ముగిసిందో అక్కడే ఆపుతుంది. రోడ్డును పొడిగించే శక్తి దానికి లేదు. ఎసిటిక్ యాసిడ్, ఆల్కహాల్ సమానంగా కలిపి మూసిపెడితే మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోతుందని ఫ్రాన్స్‌లో బెర్తెలో, పెయాఁ ద సాఁ జీల్ 1862లోనే కొలిచి చూపారు. 1895లో ఫిషర్, స్పైయర్ కొద్దిగా బలమైన యాసిడ్ వేసి వేడి చేసే పద్ధతి ఇచ్చారు. మనం ఇప్పటికీ చేస్తున్నది అదే. ఆ మూడింట రెండు దాటాలంటే ఒకటే దారి. పుట్టిన నీళ్ళను పుట్టినట్టే బయటికి లాగాలి.

"నీళ్ళు పోతున్నయి సార్, బరాబర్ పోతున్నయి" అని ఆయన లాగ్‌బుక్ తెరిచాడు. ప్రతి బ్యాచ్‌కీ డికాంటర్ (చల్లబడిన ఆవిరి కింద నీళ్ళుగా, పైన ఎస్టర్‌గా రెండు పొరలయ్యే పాత్ర) కింది నుంచి తీసిన నీళ్ళు: 92, 95, 97 లీటర్లు.

అక్కడ నేను ఆగిపోయాను. వెయ్యి లీటర్ల జీఎల్‌ఆర్‌లో (లోపల గాజు పూత ఉన్న రియాక్టర్‌లో) వాళ్ళు వేస్తున్నది 380 కిలోల ఫ్యూజల్ ఆయిల్, 216 కిలోల ఎసిటిక్ యాసిడ్. 216 కిలోలంటే 3.6 కిలోమోల్ (అణువుల సంఖ్యను లెక్కించే కొలత). రియాక్షన్ నూటికి నూరు శాతం జరిగినా పుట్టే నీళ్ళు 65 కిలోలు. 65 రావలసిన చోట 95 వస్తే వాళ్ళు సంతోషపడ్డారు, నేను భయపడ్డాను. లెక్క కంటే తక్కువ వస్తే పని కాలేదని తెలుస్తుంది. ఎక్కువ వస్తే ఆ సీసాలో ఉన్నది నీళ్ళేనా అని అడగాలి.

ఒక గాజు సీసాలో ఆ 'నీళ్ళు' పట్టుకుని అందులో గుప్పెడు వంట ఉప్పు వేసి ఊపాను. రెండు నిమిషాల్లో పైన వేలెడు మందం పొర తేలింది. ఆపరేటర్ అన్న ముఖం చూడాలి ఆ క్షణాన. ఉప్పు నీళ్ళను తన వైపు లాక్కుంటే, వాటిలో కరిగి దాక్కున్న ఆల్కహాల్, ఎస్టర్ బయటపడతాయి. ఆ తర్వాత ఫినాల్ఫ్థలిన్ వేసి టైట్రేషన్ చేస్తే (క్షారం చుక్కచుక్కగా పోసి, రంగు మారేదాకా ఎంత పట్టిందో చూసి యాసిడ్ కొలిస్తే) ఎసిటిక్ యాసిడ్ కూడా తొమ్మిది శాతం పైగా తేలింది. అంటే బ్యాచ్‌కు దాదాపు తొమ్మిది కిలోల యాసిడ్ మురిక్కాలవలోకి.

ఫ్యూజల్ ఆయిల్ నమూనా జీసీకి (గ్యాస్ క్రొమటోగ్రఫీ, మిశ్రమంలో ఏది ఎంతుందో చెప్పే పరీక్ష) పంపాం. వచ్చిన లెక్క: నీళ్ళు 11 శాతం, ఇథనాల్ 9, ప్రొపనాల్, ఐసోబ్యుటనాల్ కలిపి 15, మనకు నిజంగా కావలసిన అయిదు కార్బన్ల ఆల్కహాళ్ళు 64. (ఇందులో ఐసోఅమైల్ ఆల్కహాల్‌తో పాటు దాని కవల, 2-మిథైల్-1-బ్యుటనాల్ కూడా ఉంటుంది. మరుగు ఉష్ణోగ్రతల్లో తేడా మూడు డిగ్రీలే. మామూలు కాలమ్‌తో విడదీయాలని ప్రయత్నించకండి, థిన్నర్‌కు అవసరం కూడా లేదు.)

మూడు ఫిర్యాదుల్లో ఒకటి అక్కడే తేలిపోయింది. ఇథనాల్ రియాక్టర్‌లోకి పోతే ఇథైల్ ఎసిటేట్ అవుతుంది, 77 డిగ్రీలకే మరుగుతుంది. ఐసోబ్యుటనాల్ పోతే ఐసోబ్యుటైల్ ఎసిటేట్. మన ఐసోఅమైల్ ఎసిటేట్ మరిగేది 142 దగ్గర. తేలికవి కలిస్తే థిన్నర్ వేగంగా ఆవిరై, చల్లబడిన పొర మీద గాలిలోని తేమ పేరుకుని మబ్బు పడుతుంది. లోడ్లు వెనక్కి పంపినవాళ్ళు అబద్ధమాడలేదు.

ఇక డికాంటర్. ఇథనాల్ నీళ్ళకూ చుట్టమే, ఎస్టర్‌కూ చుట్టమే. అది డికాంటర్‌లో పేరుకున్న కొద్దీ రెండు పొరల మధ్య గీత చెదిరిపోతుంది. సైట్‌గ్లాస్‌లో గీత కనిపించడం లేదని ఆపరేటర్ అన్న అంతకు ముందే గమనించాడు, కానీ గాజు మురికి పట్టిందనుకుని రెండుసార్లు తుడిపించాడు. గీత లేకపోతే కింది నుంచి ఎస్టర్, యాసిడ్, ఆల్కహాల్ నీళ్ళతో పాటు బయటికి పోతాయి. పై నుంచి నీళ్ళు రిఫ్లక్స్‌తో (వెనక్కి పంపే పై పొరతో) పాటు తిరిగి రియాక్టర్‌లోకి పోతాయి. ఒక చేత్తో తోడి ఇంకో చేత్తో పోయడమే.

కాగితం మీద ఒక లెక్క వేసి సేట్‌కు చూపించాను. 4 కిలోమోళ్ళ ఆల్కహాల్, 3.6 కిలోమోళ్ళ యాసిడ్ వేసి నీళ్ళు అసలు తీయకపోతే 70 శాతం దగ్గర ఆగుతుంది. మొదట్నుంచే ఫ్యూజల్‌తో పాటు 40 కిలోల నీళ్ళు లోపల ఉంటే 62 దగ్గరే ఆగుతుంది. ఎనిమిది శాతం దెబ్బ పొయ్యి వెలిగించకముందే పడింది. దీనికి సల్ఫ్యూరిక్ ఎంత పోసినా ఏం లాభం?

సేట్ నన్ను అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "అయితే ఫ్యూజల్ వదిలేసి సింథటిక్ ఆల్కహాల్ కొనమంటారా?" ఐసోబ్యుటీన్‌కు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ జోడించి ఆల్డిహైడ్ చేసి, దాన్ని మళ్ళీ హైడ్రోజన్‌తో ఆల్కహాల్‌గా మార్చవచ్చు. మొదటి మెట్టు 1938లో ఓటో రోలెన్ కనిపెట్టిన హైడ్రోఫార్మిలేషన్. కోబాల్ట్‌తో మొదలై రోడియం దాకా వచ్చింది. మనం కొనే ఎసిటిక్ యాసిడ్‌ది కూడా ఇంచుమించు అదే కథ. మిథనాల్‌కు రోడియం సాయంతో కార్బన్ మోనాక్సైడ్ జోడించే మోన్‌శాంటో పద్ధతి 1970లో వచ్చింది, 1996లో ఇరిడియంతో కటీవా పద్ధతి వచ్చింది. అవి పెద్ద కంపెనీల ఆటలు. పక్క ఊళ్ళో ఫ్యూజల్ ఆయిల్ దొరుకుతుంటే సముద్రం దాటి ఆల్కహాల్ తెప్పించుకోవడం ఎందుకు? దాన్ని శుభ్రం చేసుకోవాలి, అంతే. వద్దన్నాను.

మొదటి దశలో కేటలిస్ట్ రకం మార్చలేదు. ఫ్యూజల్ ఆయిల్‌ను ముందు విడిగా డిస్టిల్ చేయించాను. మొదట ఇథనాల్, నీళ్ళు వస్తాయి. 87 నుంచి 95 డిగ్రీల మధ్య బరువైన ఆల్కహాళ్ళు నీళ్ళతో కలిసి వస్తాయి, అక్కడ రెండు పొరలుగా విడిపోతాయి, కింది పొర పారేయాలి. 108 దగ్గర ఐసోబ్యుటనాల్. 128 నుంచి 132 వరకు వచ్చేది మన సరుకు. ఈ పని వాళ్ళకు తెలియనిది కాదు. ఒకప్పుడు చేసేవాళ్ళు, బాయిలర్ ఖర్చు మిగులుతుందని మానేశారు. ఆవిరి మిగిల్చి ఎసిటిక్ యాసిడ్ కాలవలో పోశారు.

డికాంటర్‌లో కింది కాలు ఎత్తు సరిచేసి, బ్యాచ్ మొదలయ్యే ముందే అందులో మంచినీళ్ళు నింపి గీత నిలబెట్టాం. సల్ఫ్యూరిక్ మూడు శాతం నుంచి అర శాతానికి, అంటే సుమారు మూడు కిలోలకు దించాను. ఆ రోజు షెడ్డులో ఎవరికీ నా మీద నమ్మకం లేదు. 352 కిలోల శుద్ధి చేసిన ఆల్కహాల్, అదే 216 కిలోల యాసిడ్. అయిదున్నర గంటలకు డికాంటర్ నుంచి వచ్చినవి 64 లీటర్లు. ఉప్పు వేసి ఊపితే పైన పల్చటి పొర తప్ప ఏం తేలలేదు. రియాక్టర్‌లో మిగిలిన యాసిడ్ మూడు శాతం దగ్గర. తక్కువ నీళ్ళు తీసి ఎక్కువ ఎస్టర్ చేశామని ఆపరేటర్ అన్న నాలుగుసార్లు లెక్క చూసుకున్నాడు.

నా పని అక్కడితో అయిపోవాలి. కానీ రంగు ఇంకా కొద్దిగా మిగిలింది. సల్ఫ్యూరిక్ యాసిడ్ రియాక్టర్ గోడ వేడికి ఆల్కహాల్‌ను మాడుస్తుంది, ఈథర్లు చేస్తుంది. పైగా అది లోపలుండగా ఎస్టర్‌ను నేరుగా డిస్టిల్ చేయకూడదు, ముందు సోడా యాష్‌తో (సోడియం కార్బొనేట్) చంపాలి, అంటే దాని యాసిడ్ గుణం పోగొట్టాలి. పాత పద్ధతిలో 18 కిలోల సల్ఫ్యూరిక్ వేస్తే, దాన్ని చంపడానికే 19 కిలోల పైన సోడా యాష్. ఆ ఉప్పు నీళ్ళు ఎక్కడ పోస్తారు? షెడ్డు వెనక కంది చేను ఉంది. ఆ రైతు ఒకసారి గొడవకు వచ్చాడట.

సల్ఫ్యూరిక్ బదులు పారా టోలుయీన్ సల్ఫానిక్ యాసిడ్ వేస్తే మాడడం తగ్గుతుంది, కానీ అదీ కరిగేదే, కడుగుడు తప్పదు. ఎంజైమ్ మాట సేట్ ఎక్కడో విన్నాడు. లైపేజ్ అనే ఎంజైమ్‌తో ఈ ఎస్టర్ చేయవచ్చు, నిజమే. ఫ్లేవర్ కంపెనీలు 'నేచురల్' ముద్ర కోసం అలా చేస్తాయి. కానీ ఎసిటిక్ యాసిడ్ గాఢంగా ఉంటే ఎంజైమ్ చచ్చుబడిపోతుంది, ధర మన థిన్నర్ మార్కెట్ మోయలేదు. ఆ మాట మీదే సేట్ మెల్లగా "అయితే మనదే ఐస్‌క్రీమ్ ఎసెన్స్ వాళ్ళకు అమ్మితే?" అన్నాడు. తుప్పు డ్రమ్ముల్లో వచ్చిన ఫ్యూజల్‌తో చేసిన సరుకు పిల్లల నోట్లోకి పోకూడదు. ఆ సంభాషణ అక్కడే కట్ చేశాను.

చివరికి ఘన కేటలిస్ట్ వైపు పోయాం: సల్ఫానిక్ యాసిడ్ గుంపులు అతికించిన పాలీస్టైరీన్ రెజిన్, ఆంబర్‌లిస్ట్-15 రకం. చూడ్డానికి ఆవాల కంటే చిన్న పూసలు. గ్రాముకు 4.7 మిల్లీఈక్వివలెంట్ల (యాసిడ్ మోతాదు కొలత) యాసిడ్ ఉంటుంది, కానీ కరగదు. రియాక్టర్‌లో వేసి కలిపితే అజిటేటర్ రెక్కలు పూసలను పిండి చేస్తాయని బయట ఒక స్టీల్ కాలమ్‌లో నింపి, పంపుతో ద్రవాన్ని తిప్పాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ రెజిన్ 120 డిగ్రీలు దాటితే సల్ఫానిక్ గుంపులు రాలిపోతాయి. బ్యాచ్ చివర్లో రియాక్టర్ 135 దాటుతుంది. అందుకని కాలమ్‌కు ముందు చిన్న కూలర్ పెట్టి 95కు దించి రెజిన్ మీదికి వదిలాం. ఇంకొకటి, కొత్త రెజిన్ తడిగా వస్తుంది, బరువులో సగం నీళ్ళే. అలాగే వాడితే మనం బయటికి లాగుతున్న నీళ్ళను మనమే లోపల పోసినట్టు. ముందు ఆల్కహాల్‌తో కడిగి నీళ్ళు దింపాలి.

టైమ్ పెరిగింది, ఏడున్నర గంటలు. దాచేదేం లేదు. కానీ సరుకు మంచినీళ్ళలా వచ్చింది. పంపు ఆపేస్తే రియాక్టర్‌లో బలమైన యాసిడ్ ఉండదు. మిగిలిన కొద్ది ఎసిటిక్ యాసిడ్‌ను కొంచెం సోడాతో కడిగి నేరుగా డిస్టిల్ చేసుకోవచ్చు.

అయిదు బ్యాచ్‌లు పండగలా గడిచాయి. ఆరోది తొమ్మిది గంటలు పట్టింది. ఏడోది పదకొండు గంటలైనా పూర్తి కాలేదు. ఫోన్‌లో ఆపరేటర్ అన్న గొంతులో కొంచెం సంతోషం కూడా వినిపించింది: "సార్, ఇప్పుడైతే కేటలిస్టే కమ్‌జోర్, ఒప్పుకోండ్రి."

ఒప్పుకోక తప్పలేదు. ఎండబెట్టిన రెజిన్ ఒక గ్రాము తీసుకుని ఉప్పు నీళ్ళలో ఊపితే సోడియం పోయి లోపల కూర్చుంటుంది, యాసిడ్ బయటికి వస్తుంది. దాన్ని డెసినార్మల్ కాస్టిక్‌తో (బలం తెలిసిన పలచటి కాస్టిక్ సోడా నీళ్ళతో) టైట్రేట్ చేస్తే కొత్త రెజిన్‌కు 47 మిల్లీలీటర్లు పట్టాలి. మాదానికి 23 పట్టింది. సగం చచ్చింది. వేడి వల్లనేమో అనుకుని కూలర్ థర్మామీటర్ రికార్డు చూశాను, ఎక్కడా నూరు దాటలేదు. తుప్పు డ్రమ్ముల ఇనుము అనుకున్నాను. డిస్టిల్ చేశాక ఇనుము రాదు. బోరు నీళ్ళా? అవి రెజిన్ దాకా పోవడం లేదు.

దోషి నేనే. సోడా కడుగుడులో పైన ఎస్టర్, కింద నీళ్ళు, మధ్యలో ఒక జిడ్డు పొర మిగులుతుంది. బ్యాచ్‌కు పదిహేను లీటర్లు. అందులో ఎస్టర్, ఆల్కహాల్ ఉన్నాయి కదా, పారేయడం ఎందుకు, తర్వాతి బ్యాచ్‌లో పోయండి అని చెప్పింది నేను. ఆ పొరతో పాటు సోడియం ఎసిటేట్ కూడా పోతోంది. కాలమ్‌లో ఉన్న రెజిన్ ఎండు బరువు 20 కిలోలు, అందులో 94 ఈక్వివలెంట్ల యాసిడ్. సగం చావడానికి కావలసిన సోడియం ఒక కిలో పైచిలుకు, సోడియం ఎసిటేట్‌గా చూస్తే 4 కిలోల లోపు. ఆరు బ్యాచ్‌ల మీద పంచితే బ్యాచ్‌కు 640 గ్రాములు. పదిహేను లీటర్ల జిడ్డులో అంత ఉప్పు ఉండటం పెద్ద విషయం కాదు. సల్ఫ్యూరిక్ యాసిడ్ రోజుల్లో ఇదే పొర తిరిగి పోసినా ఎవరికీ తెలిసేది కాదు, ప్రతి బ్యాచ్‌కూ కొత్త యాసిడ్ వేస్తారు కాబట్టి. రెజిన్ మాత్రం మరిచిపోదు, ప్రతి ఉప్పు గింజనూ లెక్క రాసుకుంటుంది.

రెజిన్‌ను పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగి, మంచినీళ్ళతో క్లోరైడ్ పోయేదాకా కడిగి, ఆల్కహాల్‌తో నీళ్ళు దింపాం. స్టీల్ కాలమ్‌లో హైడ్రోక్లోరిక్ వద్దు, గుంటలు పడుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ములోకి తీసి చేశాం. టైట్రేషన్ 43కు లేచింది. జిడ్డు పొర ఇప్పుడు విడిగా డ్రమ్ములో నిలువ చేసి నెలకోసారి డిస్టిల్ చేస్తారు. ఉప్పు కింద మిగిలిపోతుంది.

గేటు దగ్గరి వాసన సంగతి మధ్యలో ఒకరోజు తనంతట తానే తేలింది. షెడ్డు పక్క వేప చెట్టుకు తేనెతుట్టె ఉంది. ఏళ్ళుగా ఎవరి జోలికీ రాలేదని వాచ్‌మన్ తాత అంటాడు. ఒక మధ్యాహ్నం డికాంటర్ వెంట్ నుంచి ఆవిరి గట్టిగా వచ్చింది. ఇరవై నిమిషాల్లో తాతకు పదకొండు కాట్లు. దేవుడికి కోపమొచ్చిందని ఒకరు, పొగ పెట్టారని ఇంకొకరు. అసలు సంగతి, తేనెటీగ కుట్టినప్పుడు కొండి దగ్గర నుంచి వదిలే హెచ్చరిక వాసనలో ముఖ్యమైనది ఐసోఅమైల్ ఎసిటేటే. 1962లో గుర్తించారు. మేం ఆ చెట్టు కింద టన్నుల లెక్కన 'దాడి చేయండి' అని చాటింపు వేస్తున్నాం. తాత నవ్వలేదు. "మీ సైన్సు బాగానే ఉన్నది బిడ్డా, వాపు నాకొచ్చింది" అన్నాడు.

నిజానికి తేనెటీగలు చిన్న ప్రమాదమే. ఈ ఎస్టర్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పుకు అంటుకోగల కనీస వేడి, దాదాపు 25 డిగ్రీలు. ఏప్రిల్‌లో ఇక్కడ నీడలోనే నలభై దాటుతుంది. అంటే షెడ్డులో ఏ మూల సరుకు ఒలికినా అక్కడ అంటుకోవడానికి ఒక నిప్పురవ్వ చాలు. నేను వెళ్ళేసరికి ప్లాస్టిక్ బకెట్లతో డ్రమ్ముల్లోకి పోస్తున్నారు, ఎర్తింగ్ లేదు. రెజిన్ కంటే ముందు ఈ మాట మీద గట్టిగా పోట్లాడాను. వెంట్‌కు రెండో కండెన్సర్, డ్రమ్ములకు ఎర్త్ క్లిప్పులు, పంపుకు ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు పెట్టాకే ట్రయల్ మొదలుపెట్టాం. సేట్ వాటి ఖర్చు గురించి ఇప్పటికీ గొణుగుతాడు. వెంట్ కండెన్సర్‌లో రోజుకు దొరికే ఎస్టర్‌ను కొలిచి ఇవ్వమన్నాను. కొలిచాక గొణుగుడు కొంచెం తగ్గింది.

తేలని సంగతులు ఉన్నాయి. ఫ్యూజల్ డిస్టిల్ చేసేటప్పుడు మొదట వచ్చే ఇథనాల్, ప్రొపనాల్ మిశ్రమానికి కొనేవాడు ఇంకా దొరకలేదు, డ్రమ్ముల్లో పేరుకుంటోంది. ఐసోబ్యుటనాల్‌ను విడిగా అదే కాలమ్‌లో ఎస్టర్ చేద్దామని ఆలోచన. రెజిన్ ఇలాంటి యాసిడ్ కడుగుళ్ళు (రీజనరేషన్‌లు) ఎన్ని తట్టుకుంటుందో వాడి చూస్తేనే తెలుస్తుంది. ప్రతి మూడు బ్యాచ్‌లకూ ఒక గ్రాము టైట్రేషన్ చేయమన్నాను. బ్యూరెట్ పట్టడం ఆపరేటర్ అన్నకు నేర్పించాను. నాకంటే ఓపికగా చేస్తున్నాడు.

మొన్న వెళ్ళినప్పుడు లాగ్‌బుక్ చూశాను. మరాఠీ గడుల మధ్య కొత్తగా రెండు గడులు గీసి ఉన్నాయి. ఒకదాని మీద తెలుగులో 'నీళ్ళు', రెండో దాని మీద 'ఉప్పేసి చూసిన నీళ్ళు'. డికాంటర్ పక్కన అరలో వంట ఉప్పు డబ్బా, దాని మీద చాక్‌పీస్‌తో 'కూరలకు తీయొద్దు'.